అట్ట లేని క్యాసెట్టు

ఆ క్యాసెట్టుకి అట్ట లేదు. గీతల నోటుబుక్కులోంచి ఒక కాయితం చింపి, నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ పెట్టెలో దోపింది నా రూమ్మేటు. దాని మీద ఆకుపచ్చ ఇంకుతో తొమ్మిది పాటల పేర్లు, తెలుగు లిపిలో. పైన ‘స్కార్పియన్స్’ అని రాసి పక్కన తేలు బొమ్మ వేసింది. అది నాకు రొయ్యలా కనిపించేది. ‘కొల్లేటి దానివి కదే, నీకు అన్నీ రొయ్యల్లాగే ఉంటాయి’ అని వెక్కిరించేది.

అది 1989. ఏలూరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్నాం. తనది తాడేపల్లిగూడెం. లూథరన్ కుటుంబం, చర్చి క్వయర్‌లో సొప్రానో. నాది కైకలూరు అవతల కొల్లేటి లంక గ్రామం. మద్రాసులో చదువుకునే వాళ్ళన్నయ్య సెలవులకి తెచ్చిన క్యాసెట్లన్నీ విని, అందులో తనకి కావలసినవి ఏరి, పవర్‌పేటలో ఒక డబ్బింగ్ షాపులో అరవై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించుకుంది. షాపతను ‘ఇది మగపిల్లలు వినే మ్యూజిక్ అమ్మా’ అన్నాడట. ‘అయితే వాళ్ళకీ ఒక కాపీ వేసి పెట్టుకోండి’ అందట ఇది.

ఇన్నేళ్ళ తర్వాత ఒక జర్మన్ హార్డ్‌రాక్ బాండు ఆల్బముల గురించి ఈ పత్రికలో రాయడమేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాక్కూడా అనిపించింది. ఆ సంగీతంలో స్త్రీ ఎక్కడుందో చెప్పాలంటే ముందు అట్టమీదే చూపించాలి. అక్కడ ఆమె ఉన్న తీరు చెప్పుకోదగింది కాదు. అయినా నేను ఆ సంగీతాన్ని ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను. ఆ ప్రేమకి లెక్క చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాటలు నచ్చితే నచ్చాయని ఊరుకోవచ్చుగా అంటారు మా ఇంట్లో. ఊరుకోలేకపోవడం మన వృత్తి దోషం.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. జర్మనీలోని హనోవర్‌లో 1965లో రుడాల్ఫ్ షెంకర్ అనే గిటారిస్టు పెట్టిన బాండు ఇది. తర్వాత నాలుగైదేళ్ళకి క్లాస్ మైనే గాయకుడిగా వచ్చాడు. మొదటి ఆల్బమ్ ‘లోన్‌సమ్ క్రో’ 1972లో వచ్చింది. 1975లో ‘ఇన్ ట్రాన్స్’తో డీటర్ డియర్క్స్ నిర్మాతగా చేరి, 1988లో ‘సావేజ్ అమ్యూజ్‌మెంట్’ దాకా ఉన్నాడు. మనం స్కార్పియన్స్ ధ్వని అనుకునేది ఈ పదమూడేళ్ళలో తయారైంది. రెండు గిటార్లలో ఒకటి తాళంలా దంచుతుంటే రెండోది దాని మీద గమకంలా సాగుతుంది. వాటి పైన మైనే గొంతు. మగగొంతుల మామూలు స్థాయికి చాలా పైన, సన్నగా, అంచు మీద నడుస్తున్నట్టుంటుంది. అతని ఇంగ్లీషులో జర్మన్ యాస పూర్తిగా పోలేదు. మాకు అది పెద్ద ధైర్యం. పరాయి భాషలో ఇంత పాడినవాడికే యాస ఉంటే మనకుంటే తప్పేమిటి అనుకునేవాళ్ళం.

ఎండాకాలం సెలవులకి ఆ క్యాసెట్టు మా ఊరు పట్టుకెళ్ళాను. అప్పటికి కొల్లేటిలో చేపల చెరువుల జోరు మొదలై కొన్నేళ్ళయింది. మా నాన్నకీ ఒక చెరువులో వాటా ఉండేది. రాత్రిళ్ళు గట్టు మీద కాపలా పాకలో టేప్‌రికార్డరు మోగేది. మామూలుగా అందులో సినిమా పాటలు. ఆ వేసవిలో రెండు మూడు రాత్రులు, తమ్ముడు తోడుగా ఉన్నాడన్న మిషతో నేను వెళ్ళి ‘వెన్ ద స్మోక్ ఈజ్ గోయింగ్ డౌన్’ పెట్టుకున్నాను. కచేరీ అయిపోయి జనం వెళ్ళిపోయాక, గాయకుడు ఖాళీ వేదిక మీదికి మళ్ళీ వచ్చి నిలబడే పాట అది. నీళ్ళ మీద ఆ గొంతు ఎంత దూరం పోయేదో. అవతలి గట్టు నుంచి ఒక కాపలా మనిషి ‘ఎవరు ఏడుస్తున్నారమ్మా’ అని కేకేశాడు. దాన్ని మించిన సమీక్ష నేను ఇప్పటిదాకా చదవలేదు. (ఆ గట్లు ఇప్పుడు లేవు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో అభయారణ్యం లోపల ఉన్న చెరువులతో పాటు మా వాటా చెరువు గట్టూ పేల్చేశారు. అది వేరే వ్యాసం.)

అదే పాటలు తాడేపల్లిగూడెంలో వింటే ఇంకోలా ఉండేవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ వేసిన పాత రన్‌వే ఉంది. ఆ ఊళ్ళో 2015 నుంచీ ఎన్.ఐ.టి. నడుస్తోంది గానీ అప్పట్లో అటు వెళ్తే గాలీ మేమూ. జర్మనీ మీద యుద్ధం చేస్తున్న దొరలు వేసిన కాంక్రీటు మీద కూచుని, ఒళ్ళో టేప్‌రికార్డరు పెట్టుకుని జర్మన్ల పాట వినేవాళ్ళం. అక్కడే తను ఒక మాట అంది: ‘ఇది మా చర్చి పాటలాగే నడుస్తుందే. మెల్లిగా మెట్టు మెట్టు ఎక్కుతుంది, అందరూ కలిసి పాడే చోట పైకి లేస్తుంది.’ నేను నవ్వాను. తను ‘స్టిల్ లవింగ్ యూ’ని మాటల్లేకుండా, కీర్తన పాడినట్టు నిదానంగా పాడి చూపించింది. నా నవ్వు ఆగిపోయింది.

ఆ మాటలో ఎంత నిజముందో నాకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు. గుంటూరుకి 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ పుట్టింది హెల్మ్‌స్టెట్‌లో. అది, హనోవర్, రెండూ నేటి లోయర్ సాక్సనీ రాష్ట్రంలోవే. లూథర్ రాసిన ప్రసిద్ధ దుర్గ కీర్తన తెలుగులోకి వచ్చి మన గోదావరి, గుంటూరు జిల్లాల చర్చిల్లో తరతరాలుగా పాడుతున్నారు. పల్లెల్లో హార్మోనియం మీద పలికే ఆ జర్మన్ కోరల్ నడక ఈ తాడేపల్లిగూడెం పిల్ల చెవిలో పుట్టుకతో ఉంది. హనోవర్ రాక్ కుర్రాళ్ళ మెలొడీలో ఆ నడక నుంచి వచ్చిందెంతో సంగీత శాస్త్రజ్ఞులు చెప్పాలి. నేను చెప్పగలిగిందల్లా, ఆ పాటల్లో తను విన్నది తన ఇంటి సంగీతమే అని. విదేశీ సంగీతం మోజు అని హాస్టల్లో మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. మాకూ తెలియదు.

పూర్తి ఆల్బములు నేను మొదటిసారి చూసింది 1995 ప్రాంతంలో, పరిశోధన కోసం హైదరాబాదులో ఉన్నప్పుడు. ఒక స్నేహితురాలి ఇంట్లో వాళ్ళ బాబాయి కూడబెట్టిన ఎల్పీ రికార్డులున్నాయి. ఆరేళ్ళుగా గుండెలో మోస్తున్న పాటలకి ముఖాలు కనిపించబోతున్నాయని సంబరంగా కూచున్నాను.

1979 నాటి ‘లవ్‌డ్రైవ్’ అట్ట మీద కారు వెనకసీటులో ఒక జంట. ఆమె రొమ్ముకీ అతని చేతికీ మధ్య సాగుతున్న చూయింగ్‌గమ్. బొమ్మ హిప్నోసిస్ అనే పేరున్న బ్రిటిష్ సంస్థది. మరుసటేడు వచ్చిన ‘యానిమల్ మాగ్నెటిజం’ మీద నిలబడ్డ మగవాడి ముందు మోకాళ్ళ మీద ఒక స్త్రీ, పక్కన కుక్క. 1984 నాటి ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’కి హెల్ముట్ న్యూటన్ తీసిన ఫొటో. వీటన్నిటికంటే ముందు, 1976లో ‘వర్జిన్ కిల్లర్’. దాని మీద పదేళ్ళ పాప నగ్న ఛాయాచిత్రం. ఆ ఒరిజినల్ అట్ట మా స్నేహితురాలి ఇంట్లో లేదు. బాండు సభ్యుల ఫొటోతో మార్చి వేసిన అట్టే ఉంది. అసలుది ఎలా ఉండేదో తర్వాత చదివి తెలుసుకున్నాను. 2008లో ఆ బొమ్మ కారణంగా బ్రిటన్‌లో వికీపీడియా పేజీనే కొన్నాళ్ళు అడ్డుకున్నారు. ఆ ఆలోచన రికార్డు కంపెనీదని బాండు వాళ్ళు అన్నారు. అప్పటి గిటారిస్టు ఉలీ రోత్ దాని గురించి తర్వాత బాధపడ్డాడు కూడా. ఎవరి ఆలోచనైనా, ఆ పాపని ఎవరూ అడగలేదు. ఆ అట్ట గురించి నేను ఇంకేమీ వాదించను. కాలం వేరని, కళ అని అనేవాళ్ళతో కూచోవడం నాకు ఇష్టం లేదు.

ఆ సాయంత్రం రికార్డులన్నీ వరసగా విన్నాను. అట్టల కంటే పాటల వరస నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ ‘బాడ్ బాయ్స్ రన్నింగ్ వైల్డ్’తో మొదలవుతుంది. వెంటనే ‘రాక్ యూ లైక్ ఎ హరికేన్’, అంటే వేట. అలా సాగి సాగి చిట్టచివర ‘స్టిల్ లవింగ్ యూ’. వెనక్కి వెళ్ళి చూశాను. ‘వర్జిన్ కిల్లర్’లో ఆఖరి పాట ‘ఎల్లో రేవెన్’. 1977 ‘టేకెన్ బై ఫోర్స్’లో ‘బార్న్ టు టచ్ యువర్ ఫీలింగ్స్’. ‘లవ్‌డ్రైవ్’లో ‘హాలిడే’. 1982 ‘బ్లాకౌట్’లో మా చెరువుగట్టు పాట. ‘సావేజ్ అమ్యూజ్‌మెంట్’లో ‘బిలీవ్ ఇన్ లవ్’. 1990 ‘క్రేజీ వరల్డ్’లో ‘సెండ్ మీ యాన్ ఏంజెల్’. ‘యానిమల్ మాగ్నెటిజం’ ఒక్కటీ పక్కన పెడితే, పద్నాలుగేళ్ళ పాటు వీళ్ళు ఆల్బమ్‌ని ముగించింది నెమ్మది పాటతోనే. ఎనిమిది పాటల్లో ఎగిరెగిరి పడ్డ మగవాడు తొమ్మిదో పాటలో తలుపు దగ్గర నిలబడి బతిమాలుతాడు. మన ఊళ్ళల్లో అర్ధరాత్రి తాగొచ్చి, రచ్చ చేసి, తెల్లవారుజామున పెళ్ళాం కాళ్ళు పట్టుకునే మనుషుల్ని చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు? ఆ తెల్లవారుజాము పశ్చాత్తాపం అబద్ధం అని నేననను. ఆ క్షణానికి అది నిజమే. అందుకే ఆ ఆడవాళ్ళు అంతకాలం ఉండిపోతారు.

మా క్యాసెట్టులో రాత్రి లేదు, తెల్లవారుజామే ఉంది. నా రూమ్మేటు ఏరిన తొమ్మిదిలో అయిదు ఈ ఆఖరి పాటలే, ఆరోది నేను చెరువుగట్టు మీద విన్నది. మిగతావి ‘ఆల్వేస్ సమ్‌వేర్’, ‘లేడీ స్టార్‌లైట్’ లాంటివి. వాటినే వింటూ వింటూ మేమొక మగవాణ్ణి తయారుచేసుకున్నాం. అతను ఎప్పుడూ దూరాల్లో ఉంటాడు, ఎదురు చూస్తాడు, అడుగుతాడు, అడిగి జవాబు కోసం ఆగుతాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో మాకు తెలిసిన మగవాళ్ళెవరూ అడిగి ఆగేవాళ్ళు కాదు. అతను ఆ బాండులో లేడు. తొమ్మిది పాటల కత్తిరింపులో ఉన్నాడు. నేను ఎం.ఫిల్‌లో ప్రతిఘటించే పఠనం గురించి పేజీలకి పేజీలు రాశాను. ఆ పని పవర్‌పేట డబ్బింగ్ షాపులో ఒకమ్మాయి నా ముందే చేసి పెట్టిందని రాయడం మాత్రం తోచలేదు.

ఇది మోసపోవడం కూడా కదా అని మా విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది. కత్తిరించి వింటే అసలు మనిషి కనబడడు కదా మేడమ్ అంది. నిజమే. కత్తిరింపు మాకు ఒక ఆశనిచ్చింది, దానితో పాటే ఒక గుడ్డితనాన్నీ ఇచ్చింది. ఆ ఆశతో పెళ్ళిళ్ళు చేసుకున్నాం. అయినా ఆ అమ్మాయితో నేను పూర్తిగా ఒప్పుకోను. పూర్తి ఆల్బమ్ వినడం అంటే అసలు నిజం వినడం అనుకుంటాం గానీ, ఆ వరస కూడా ఎవరో వేసిందే. వేటని ముందు, వేడుకోలుని చివర పెట్టాలన్నది ఒక నిర్ణయం. రికార్డు మీద నెమ్మది పాట చివరికొస్తే చెవికి హాయిగా ఉంటుంది, అంతే అనేవాళ్ళూ ఉన్నారు. ఉండొచ్చు. ఆ హాయి ఎవరికి అన్నదే నా ప్రశ్న.

ఇంత వేడుకోలులోనూ అవతలి స్త్రీ పలకదు. ‘బార్న్ టు టచ్ యువర్ ఫీలింగ్స్’ ఆఖర్లో మాత్రం వేరు వేరు భాషల్లో ఆడగొంతులు వినిపిస్తాయి. మాట్లాడతాయి, పాడవు. అదే ఆల్బములో ‘వుయ్ల్ బర్న్ ద స్కై’ ఉంది. చనిపోయిన ప్రియుడితో మాట్లాడే పాట. మెల్లిగా మొదలై, దుఃఖం ఒళ్ళంతా పాకినట్టు వేగం అందుకుంటుంది. షెంకర్ కట్టిన బాణీకి మాటలు మోనికా డానెమాన్‌వి. డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టిన చిత్రకారిణి. జిమీ హెండ్రిక్స్ 1970లో చనిపోయిన రాత్రి అతనితో ఉన్నది ఆమే. తర్వాత ఉలీ రోత్ సహచరి అయింది. హెండ్రిక్స్ మీద రాసుకున్న కవిత ఈ పాటయింది. ప్రపంచం ఆమెని ఫలానావాడి చివరి ప్రేయసిగానే గుర్తుపెట్టుకుంది. 1996లో ఆమె మరణించింది. స్కార్పియన్స్ డెబ్భైల పాటల్లో నాకు అన్నిటికన్నా బలమైన మాటలు ఒక స్త్రీవి. వాటిని మైనే ఆడగొంతుకి దగ్గరైన గొంతుతో పాడాడు. మా క్యాసెట్టులో మొదటి పాట అదే. ఎందుకు దాన్ని ముందు పెట్టావే అంటే ‘ఇందులో బతిమాలడం లేదు’ అంది తను. రాసిందెవరో మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

‘విండ్ ఆఫ్ చేంజ్’ గురించి చెప్పలేదేమని అడుగుతారు. అందరికీ తెలిసిన పాట. 1989 ఆగస్టులో మాస్కో సంగీతోత్సవం చూసొచ్చాక మైనే రాశాడు. ఈల బావుంటుంది. నాకు దాని మీద పెద్ద మమకారం లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మాస్కోని తలుచుకునే మాటల్ని తీసేసి వేదికల మీద మార్చి పాడుతున్నాడు. చరిత్రకెక్కిన పాటలోనూ మాటలు మార్చుకోవచ్చని అతనే ఒప్పుకున్నట్టయింది.

ఆడగొంతు పలికితే ఎలా ఉంటుందో అదే దేశం నుంచి, డానెమాన్ పుట్టిన అదే డ్యూసెల్‌డార్ఫ్ నుంచి విన్నాను. వార్‌లాక్ అనే బాండు, గాయని డోరో పెష్. స్కార్పియన్స్ కంటే ముతక, మెరుగు తక్కువ. 1984 నుంచి 1987 దాకా నాలుగు ఆల్బములు. నాలుగోది ‘ట్రయంఫ్ అండ్ అగొనీ’. అందులోనూ ఆఖరిది నెమ్మది పాటే, ‘ఫ్యూర్ ఇమ్మర్’. మాటలు చాలావరకు జర్మన్‌లోనే. బతిమాలడు, క్షమించడు. ‘బతిమాలడు’ అని అలవాటు కొద్దీ రాశాను చూడండి, బతిమాలదు, క్షమించదు. ఇద్దరూ ఒకే ఎత్తున నిలబడి మాట్లాడుకుంటున్నట్టుంటుంది. ఆ తర్వాత పాత మేనేజరుతో కోర్టు తగాదాలో బాండు పేరు ఆమెకి దక్కలేదు. 1989లో ‘ఫోర్స్ మజూర్’ ఆల్బమ్ ‘డోరో’ అన్న పేరుతో వచ్చింది. 2011లో పాత పేరు హక్కులు తిరిగి వచ్చినా ఆమె డోరోగానే ఉండిపోయింది. ఇంటిపేర్లు మార్చుకుని, మళ్ళీ వెనక్కి మార్చుకుని, ఆధార్ కార్డులో ఒకటి, సర్టిఫికెట్లలో ఒకటి మోస్తున్న మనకి ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక ‘బ్లాకౌట్’. అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన ఆల్బమ్ ఇదే.

1981లో దాని పని మొదలైనప్పుడు మైనే గొంతు పోయింది. స్వరపేటిక తంత్రుల మీద కాయలు. బాండు వదిలి వెళ్ళిపోతానన్నాడు. మిగతావాళ్ళు వద్దన్నారు. ఆపరేషన్లు జరిగాయి. నెలల తరబడి మౌనం, తర్వాత చిన్నపిల్లవాడిలా మళ్ళీ శిక్షణ. పని ఆగకుండా డాన్ డాకెన్ అనే అమెరికన్ గాయకుడు నమూనా రికార్డింగులకి గొంతిచ్చాడు. కానీ ఆ చోటు మైనే కోసం అట్టేపెట్టారు. 1982లో వచ్చిన రికార్డులో మొదటి పాట చివర అతను వేసే కేక విన్నవాళ్ళు ఈ గొంతు పోయి వచ్చిందంటే నమ్మరు.

నా రూమ్మేటు గొంతు కూడా పోయింది. నలభై దాటాక థైరాయిడ్ ఆపరేషనయింది. లేచాక మాట గరగరలాడుతూ వచ్చింది, పై స్థాయి అసలు రాలేదు. కొన్నాళ్ళకి సర్దుకుంటుందన్నారు. సర్దుకోవడానికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. క్వయర్‌లో క్రిస్మస్ సోలో ఇంకొకరికి ఇచ్చారు. తప్పనలేం, పండగ ఆగదు కదా. ఇంట్లో ‘మాట వస్తోందిగా, చాలదూ’ అన్నారు. అదీ ప్రేమగానే అన్నారు. తను మళ్ళీ పాడాలనుకుంటోందేమో అని అడిగినవాళ్ళు లేరు. ఆ లేనివాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రతి పండక్కీ ఫోన్ చేసేదాన్ని. ఆరోగ్యం అడిగేదాన్ని, పిల్లల్ని అడిగేదాన్ని. పాట అడగలేదు.

పోయిన డిసెంబరులో తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, ఫోన్‌లో ‘బ్లాకౌట్’ మొత్తం వినిపించాను. తను ఆ ఆల్బమ్‌ని పూర్తిగా వినడం అన్నయ్య క్యాసెట్ల రోజుల తర్వాత అదే మొదలట. వంటింట్లో చిక్కుడుకాయలు వొలుస్తూ విన్నది. మైనే సంగతి చెప్పాను.

‘ఎన్నాళ్ళు పట్టింది వాడికి?’ అంది.

దాదాపు ఏడాది అన్నాను.

‘ఏడాదా. నాకు పదిహేనేళ్ళయిందే’ అంది. కాసేపు గింజలు వేరుచేసింది. తర్వాత, ‘మళ్ళీ పాడటం వాడికెవరు నేర్పారు?’ అని అడిగింది. ఆ పేరు నేనెక్కడా చదవలేదు. అలాంటి చికిత్స ఏలూరులో ఎక్కడైనా ఉందేమో కనుక్కుంటానన్నాను. ‘నెమ్మదిగా కనుక్కో’ అంది. తర్వాత గొంతు సవరించుకుని, చెరువుగట్టు పాటని ఎప్పుడూ పాడే దానికి చాలా కింద నుంచి ఎత్తుకుంది. నాలుగు వాక్యాల దగ్గర ఆగి దగ్గింది. ‘ఆల్టోలో కూచోవాలి ఇంక’ అంది.

ఆకుపచ్చ ఇంకు క్యాసెట్టు ఎప్పుడో బూజుపట్టి పోయింది. ఆ పాటలు మళ్ళీ ఎక్కించి పంపమంది, ఈసారి వరస నన్నే వెయ్యమంది. పది రోజులుగా వేస్తున్నాను. మొదటి పాట మారలేదు, డానెమాన్‌దే. డోరో పాట చివర పెట్టాను. ‘ఎల్లో రేవెన్’ పెట్టాలా వద్దా అన్న దగ్గర ఆగి ఉన్నాను. పాట చాలా బావుంటుంది. ఆ పాప అట్టలోంచి వచ్చింది.